మందుకొట్టే ఇంజన్‌తో బండి తోలే విధానం

ముందుగా ఇంజన్ సంపాదించండి. షోరూములో బండి కొనగలిగినవాళ్లు ఇక్కడితో పేజీ తిప్పేయవచ్చు. మనకు కావాల్సింది వేరే పని కోసం పుట్టి, ఆ పని నుంచి రిటైరైన ఇంజన్. పత్తి చేలో వీపుకు తగిలించుకుని మందు కొట్టే తైవాన్ పంపుది కావచ్చు. కుంటలో నీళ్లు తోడిన హోండా పంపుసెట్టుది కావచ్చు. 1972లో పుణె నుంచి బయల్దేరి, చివరికి పాతసామాను కొట్టు చేరిన లూనాది కూడా కావచ్చు. హైదరాబాద్ శివారు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉంటున్నారంటే మీరు అదృష్టవంతులు. ఇటు ఇబ్రహీంపట్నం వైపు పొలాలు, అటు విజయవాడ హైవే మీద వెల్డింగ్ షాపులు, హయత్‌నగర్ దాటితే ఆటోనగర్, ఇంకాస్త ఓపికుంటే పుత్లీబౌలి, రాణిగంజ్. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఎలాగూ ఉన్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టు అంటే చాలు, ఇంట్లో డబ్బులు అడగడానికి నోరు వస్తుంది.

ఇంజన్ చంకలో పెట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ వెల్డింగ్ షాపుకు వెళ్లండి. అక్కడి అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"తమ్మీ, గిది స్ప్రేయర్‌ది గదా. మనిషిని మోస్తదా?"

"మోస్తదన్నా. వీడియోల చూసిన."

వీడియో బండి మోయడం వరకే చూపిస్తుంది. తర్వాతి వారం ఏమైందో చూపించదు. ఇన్నాళ్లూ ఆ ఇంజన్‌ను మనిషి వీపున మోశాడు. ఇక నుంచి అది మనిషిని మోయాలి, వెనక ఇంకో స్నేహితుడు ఎక్కితే అతన్ని కూడా. ఈ సంగతి ఇంజన్‌కు చెప్పకండి.

బిగించేటప్పుడు అందం చూసుకోవాలి. స్ప్రేయర్ ఇంజన్ మీద ప్లాస్టిక్ డొప్ప ఒకటి ఉంటుంది, దాని వెనక ఫ్లైవీలుకే ఫ్యాను రెక్కలు ఉంటాయి. చేనులో ఒకేచోట నిలబడి మందు కొడుతున్నా ఇంజన్ కాలిపోకుండా ఉండేది ఆ రెక్కలు తోసే గాలిని ఈ డొప్ప సిలిండర్ మీదికి మళ్లించడం వల్లే. కానీ డొప్ప ఉంటే బండి స్ప్రేయర్‌లా కనిపిస్తుంది కాబట్టి తీసేయండి. ఫిన్లు బయటికి కనిపిస్తే రేసు బండి లుక్కు వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ విషయమూ అంతే. బండరావిరాల క్రషర్ల వైపు ఒక్కసారి వెళ్లొస్తే ఫిల్టర్ స్పాంజి రాతిపొడితో బూడిద రంగుకు తిరుగుతుంది, పికప్ తగ్గుతుంది. స్పాంజి పీకేస్తే పికప్ వెంటనే తిరిగొస్తుంది. రాతిపొడి కూడా నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి రింగులను సన్నగా, ఓపిగ్గా అరగదీస్తుంది. ఆ చప్పుడు వినపడదు కాబట్టి బాధ లేదు.

ఇక ఆయిల్. టూస్ట్రోక్ ఇంజన్‌కు విడిగా ఆయిల్ చాంబర్ ఉండదు, పెట్రోల్‌లో కలిపిన ఆయిలే లోపలి బేరింగులకూ పిస్టన్‌కూ అందాలి. డబ్బా మీద 1:25 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు అన్నమాట. కొలత గ్లాసు వాడటం నామోషీ. బంకులో "జెర పొయ్యన్నా" అంటే సరిపోతుంది. ఆయిల్ ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు. తక్కువైతే పొగ రాదు, బండి రయ్యిమంటుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకోలునే ఎంచుకోండి. దిగుడు వచ్చినప్పుడు పెట్రోల్ ఆదా కోసం ఎక్సిలేటర్ పూర్తిగా మూసేసి, చైను ఇంజన్‌ను తిప్పుతుండగా జారిపొండి. పెట్రోల్ ఆగితే దానితోపాటు ఆయిలూ ఆగుతుంది. ఇంజన్ మాత్రం అదే స్పీడులో తిరుగుతూనే ఉంటుంది.

ఇంత శ్రద్ధగా చేస్తే ఇంజన్ పట్టేయకుండా ఎక్కడికి పోతుంది? బాటసింగారం పండ్ల మార్కెట్ దగ్గర, బత్తాయి లారీల మధ్య, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అప్పుడు మొట్టమొదట ప్లగ్ విప్పాలి. ప్లగ్ తప్పేమీ లేదని తెలిసినా సరే, పైన కనిపించే భాగాల్లో పానాకు అందేది అదొక్కటే. ఈలోగా నలుగురు ఆగుతారు. ఒకాయన కాయిల్ పోయిందంటాడు. ఒకాయన పెట్రోల్లో నీళ్లు కలిశాయంటాడు. మూడో ఆయన ఏమీ అనకుండా చోక్ వేసి తాడు లాగుతాడు. నాలుగో ఆయన అసలు ఇది ఏ కంపెనీ బండి అని అడుగుతాడు. ఈ నాలుగో ఆయనకే వివరంగా జవాబు చెప్పండి. బండి చేసుకున్నదే ఆ ప్రశ్న కోసం కదా.

ఇంటికొచ్చాక సిలిండర్‌లో కాస్త కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిస్తే పిస్టన్ కదలవచ్చు. సిలిండర్ పైకి లాగి చూస్తే దేనివల్ల చచ్చిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. పిస్టన్ పక్కన నిలువు గీతలుంటే ఆయిల్ అందలేదు, లేదా వేడి బయటికి పోలేదు. గీతల్లేకుండా రింగులు వదులుగా ఊగుతుంటే దుమ్ము తినేసింది. క్రాంకు ఆయిల్ సీల్ చిరిగి ఉంటే, బయటి గాలి దొంగతనంగా లోపలికి వచ్చి పెట్రోల్ పలచబడిపోయింది. మంచి మెకానిక్‌కు ఇదంతా అయిదు నిమిషాల పని. అందుకే మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లకూడదు. వెళ్తే డొప్ప ఏదని అడుగుతాడు.

మన పద్ధతిలో రోగం ఏదైనా చికిత్స ఒకటే: ఇంజన్ మార్చడం, అది కూడా పెద్దదానితో. 26 సీసీ స్ప్రేయర్ ఇంజన్ పోయిన చోట హోండా జీఎక్స్ 160 పెట్టండి. అది 163 సీసీ, ఫోర్‌స్ట్రోక్. ఆయిల్ కలిపే గొడవ లేదు, అడుగున అరలీటరు పైచిలుకు పోస్తే చాలు. ఆ ఆయిల్‌ను పైకి చిమ్మడానికి పంపు ఉండదు, లోపల ఒక నాలుక గిరగిరా తిరుగుతూ చల్లుతుంది. అందుకే 20 డిగ్రీలకు మించి వాల్చి నడపొద్దని కంపెనీ పుస్తకంలో ఉంటుంది. మీ ఫ్రేములో ఇంజన్ నిటారుగా పట్టకపోతే ఆ పేజీ చింపేయండి. కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గగానే దానంతటదే ఆపేసే ఏర్పాటు ఉంటుంది. మలుపులో వాలినప్పుడల్లా అది ఇంజన్‌ను ఆపేసి పరువు తీస్తుంది. దాని వైరు కత్తిరించండి.

గవర్నర్ ఇంకో శత్రువు. నిమిషానికి 3,600 పైచిలుకు చుట్ల దగ్గర గీత గీసి, అంతకు మించి పోనివ్వదు. దాన్ని పీకేస్తే బండికి రెక్కలొస్తాయి. లోపలి కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియంది, దానికి రెక్కలతో పని లేదు. ఒకరోజు అది విరిగి, ఇంజన్ బాడీకి కిటికీ పెట్టి బయటికి చూస్తుంది. బ్రేకుల సంగతి అడగలేదు మీరు. సైకిల్‌వే ఉంచండి, ఇన్నాళ్లూ అవి సైకిల్‌ను ఆపాయి కదా.

చట్టం గురించీ రెండు ముక్కలు. 1988 మోటారు వాహనాల చట్టం తన నిర్వచనంలో ఒక చిన్న సందు వదిలింది: నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉండి, ఇంజన్ 25 సీసీ దాటకపోతే దాన్ని మోటారు వాహనంగా లెక్కపెట్టదు. మన స్ప్రేయర్ల మీద 26 అని ఉంటుంది. ఆ ఒక్క సీసీ కోసం హైవే మీద ఎస్సైగారితో వాదించాలనుకుంటే సెక్షన్ 2(28) బట్టీపట్టండి, వెంట ఒక పెద్దమనిషిని కూడా తీసుకెళ్లండి. రిజిస్టరైన పాత బండి ఫ్రేములో వేరే ఇంజన్ దూర్చితే సెక్షన్ 52 వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత అడ్డగోలు మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలన్న కోరిక పుడితే చంపుకోండి. అక్కడ షోరూము టూవీలర్లకే దారి లేదు.

మూడో ఇంజన్ కూడా పోయాక మిగిలే మార్గం జూనియర్లకు అమ్మడం. బేరానికి వచ్చే కుర్రాడు తెలివైనవాడైతే ముందుగా ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, వేడిగా ఉంటే ఎందుకని అడుగుతాడు. ఎండలో పెట్టామని చెప్పండి. స్పాంజి ఏదంటే ఉతికి ఆరేశామనండి.

"ఇంజన్ మార్చిండ్రా అన్నా?"

"ఫ్రేము మాత్రం ఒరిజినలే తమ్మీ."