పూరణ సున్నల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఉందనుకుందాం. ఆఫీసు సర్వరులో ఊరికో ఫోల్డరు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. పేర్లు తెలుగులోనే. గుమాస్తా ఒకదాని మీద నొక్కగానే ఆ పేరు తీగ వెంబడి సర్వరుకు చేరాలి. మోసుకుపోయేది ఎన్‌ఎఫ్‌ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో రూపొందించిన ఏర్పాటు. పేరు ఏ రూపంలో పోవాలో శాసించేది ఎక్స్‌డీఆర్; 1987లో ఆర్‌ఎఫ్‌సీ 1014గా వెలువడిన లక్షణగ్రంథం. దాని సారాన్ని ఈ వ్యాఖ్యాతే పద్యంగా కట్టి తానే వ్యాఖ్యానిస్తున్నాడు. ఇందువల్ల కవిహృదయం గురించి తగవు రాదు.

ఆ. ముందు పొడవు చెప్పి ముదముగ పేరిడి
నాల్గు బైట్ల గళ్ళ నాటవలయు
చివర మిగులు చోట సిగ్గేల, సున్నలు
పరచి పంపవయ్య పద్ధతిగను

ప్రతిపదార్థం. ముందు = పేరుకంటె ముందుగా; పొడవు చెప్పి = ఎన్ని బైట్లో నాలుగు బైట్ల అంకెగా రాసి; ముదముగ = యతి కోసం (వేరే అర్థం లేదు); పేరిడి = పేరును ఉంచి; చివర మిగులు చోట = ఆఖరి గడిలో ఖాళీ ఉంటే; సిగ్గేల = దండగని నొచ్చుకోవడమెందుకు; సున్నలు పరచి = సున్నలతో నింపి; పంపవయ్య = ఓ ప్రోగ్రామరూ, పంపుము.

తాత్పర్యం. స్పష్టం.

టీక. 'సూర్యాపేట' కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లుతో కలిపి తొమ్మిది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి 27. గడి నిండాలంటే ఒక సున్న. ముందున్న పొడవుతో మొత్తం 32. కోదాడ పదిహేను బైట్లు, సున్న ఒకటి, మొత్తం 20. మిర్యాలగూడకు ముప్పై, సున్నలు రెండు, మొత్తం 36. ఇంగ్లీషు స్పెల్లింగులో కోదాడ అయిదు బైట్లే, సున్నలు మాత్రం మూడు. ఈ పేరు వరకు తెలుగు బరువెక్కువ, పూరణ తక్కువ. రసజ్ఞులు గమనించగలరు.

శంక: నాలుగే ఎందుకు? సమాధానం మూలగ్రంథంలోనే ఉంది. రెండు పెడితే సరుకు చిన్నదవుతుంది గాని కొన్ని యంత్రాలకు సరిహద్దు కుదరదు. ఎనిమిది పెడితే దాదాపు అన్నిటికీ కుదురుతుంది గాని సరుకు ఉబ్బిపోతుంది. అందుకని రాజీగా నాలుగు. ఎనిమిదికి అలవాటుపడిన క్రే యంత్రాన్ని మాత్రం పేరు పెట్టి మరీ పక్కన కూర్చోబెట్టారు. ఈ రాజీ వల్ల అవును-కాదు అనే ఒక్క ముక్క కూడా నాలుగు బైట్లు తింటుంది.

శంక: సున్నలే ఎందుకు? సంస్కృత కవి పాదం నిండకపోతే చ, తు, హి, వైలలో చేతికందినది వేస్తాడు. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. ఒకే పేరు ఏ యంత్రం రాసినా బైటు తేడా లేకుండా ఒకేలా రావాలి. అప్పుడే రెండిటినీ పోల్చి చూడవచ్చు. సున్న వేయడం మరిచిన కోడు ఇంకో ఘనకార్యం చేస్తుంది: ఆ చోట అంతకుముందున్న పాత జ్ఞాపకపు తునకలను ఊరి పేరుతో పాటు బయటికి పంపుతుంది.

'ముందు' అన్నచోటే అసలు గొడవ. ఊరి పేరు పొడవు ముందే తెలుసు. కాని 2000లో వచ్చిన నాలుగో ఎన్‌ఎఫ్‌ఎస్‌లో గుమాస్తా కంప్యూటరు ఫైలు లక్షణాల్లో కావలసినవాటికి టిక్కు పెట్టి అడుగుతుంది. సర్వరు వాటన్నిటినీ ఒకే మూటగా కట్టి, మూట పొడవు ముందే చెప్పాలి. యజమాని పేరెంతో, అనుమతుల జాబితా ఎంతో రాస్తే గాని తెలియదు. ఒక మతం: ముందొకసారి కొలిచి, తర్వాత రాయాలి. ఇందులో కొలతకూ రాతకూ తేడా వస్తే కథ ముగిసినట్టే. రెండో మతం: నాలుగు బైట్లు ఖాళీగా వదిలి, రాసుకుంటూ పోయి, వెనక్కి వచ్చి నింపాలి. లైనక్స్ సర్వరుది రెండోదే, వ్యాఖ్యాతకూ అదే సమ్మతం.

వెనక్కి వచ్చే దారి మాత్రం చాలాకాలం చుట్టుదారి. రాసే స్థలం పేజీలు పేజీలుగా ఉంటుంది గనక, ఏ పొడవు ముక్కనైనా ఎక్కడైనా అతికించగల సర్వసాధారణ రొటీనును పిలిచేవారు. అది ఖరీదైనది. 2022లో ఆ పిలుపు తీసేశారు. కారణం వినదగ్గది: గళ్ళన్నీ నాలుగు బైట్ల సరిహద్దు మీదే పడతాయి కాబట్టి పొడవు గడి రెండు పేజీల మధ్య చీలదు; చిరునామా గుర్తుంచుకుని నేరుగా రాస్తే సరి. దండగన్న సున్నలు కాపాడిన సరిహద్దే ఇక్కడ అక్కరకొచ్చింది. కవి 'సిగ్గేల' అన్నది ఇందుకే (కవిని అడిగి రాస్తున్నాను).

పాఠాంతరం. 'నాటవలయు' అన్నచోట చేత్తోనా, యంత్రంతోనా? సన్ వారి ఆర్‌పీసీజెన్ లక్షణం నుంచి కోడును తానే పుట్టించేది. లైనక్స్ కెర్నెల్‌లో వేగం కోసం చేత్తోనే నాటారు. వేగంతోపాటు చేతి తప్పులూ మొలిచాయి. 2024లో పైథాన్‌లో రాసిన ఎక్స్‌డీఆర్‌జెన్ కెర్నెల్ మూలంలో చేరింది. ఇది కెర్నెల్‌కు తగ్గ కోడునే పుట్టిస్తుంది, ఆర్‌పీసీజెన్ కన్నా మేలు.

విశేషం. ఎక్స్‌డీఆర్ వద్దనకపోయినా ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ పేరును 255 బైట్ల దగ్గర ఆపేస్తుంది. తెలుగులో అది 85 గుర్తులు. 'కోదాడ యాసంగి సన్నాలు దొడ్డువి కలిపిన లెక్క కొత్తది ఫైనల్ అసలు ఫైనల్' అంటూ గుమాస్తా పొడిగించుకుంటూ పోతే హద్దు త్వరగానే తగులుతుంది. సరిగ్గా 255 దగ్గర ఆగినా వెనకాల ఒక సున్న తప్పదు.