పానాల మామ

తనకల్లు మండలంలో ఏ పల్లెకు పోయినా పానాల మామ ఒకడు తగులుతాడు. ఆగి ఉన్న బండి పక్కనుంచి పోతూ ఒంగి దాని కిందికి ఒకసారి చూడకుండా ముందుకు పోలేనివాడే ఆయన. సొంతానికి ఒక పికప్పు ఉంటుంది. నంబరు ఏపీ 02. 2019లో రాష్ట్రమంతటికీ 39 వచ్చింది, 2022లో తనకల్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. మామ బండికి ఇవేవీ పట్టవు. చెనిక్కాయల కాలంలో కదిరికి మూటలు, టమోటాల కాలంలో మదనపల్లె మార్కెట్టుకు బాక్సులు తోలుతాడు. రెండూ లేని కాలమే ఈ సీమలో ఎక్కువ గనక, అప్పుడు బండి కిందికి దూరతాడు.

దూరడానికి సాకు సెల్ఫు. తాళం తిప్పితే టక్కుమంటుంది గానీ ఇంజను తిరగదు. లోపల కార్బన్లు అరిగాయని మామకు ఎప్పుడో తెలుసు. తెలిసిన మర్నాడే బాగుచేయిస్తే మామ పరువేం కాను? కొన్నాళ్ళు బండిని ఏటవాలులో నిలిపి, సెకండు గేరులో వదిలి నడిపిస్తాడు. ఆ తర్వాత అత్త చేతికి ఇనుప కడ్డీ ఇస్తాడు. ఈయన తాళం తిప్పే క్షణాన ఆమె సెల్ఫు మోటరు వీపున ఒకటి వేయాలి. ఇరుక్కున్న కార్బన్లు కదిలి ఇంజను లేస్తుంది. ఎక్కడ, ఎంత గట్టిగా కొట్టాలో అత్తకు తెలిసినంతగా కదిరి మెకానిక్కులకు కూడా తెలియదు. అంత కసి మోటరు మీదేనా అని మాత్రం పక్కింటివాళ్ళకు అనుమానం.

కడ్డీకి కూడా లేవని రోజు మామకు పండగ. "మెకానిక్కుకు ఎందుకప్పా దుడ్లు? రెండు బోల్టులే కదా!" అంటాడు. నిజమే, రెండే. కిందిది ఎవరైనా విప్పుతారు. పైది ఇంజను పక్క సందులో, పైపుల వెనక, కంటికి కనబడని చోట ఉంటుంది. కంపెనీవాళ్ళు ముందు సెల్ఫు బిగించి, తర్వాత తీరిగ్గా దాని చుట్టూ బండి కట్టినట్టున్నారు.

వేపచెట్టు కింద గోనెసంచి పరుస్తాడు. చక్రాలకు రాళ్ళు పెట్టిస్తాడు. బ్యాటరీ ఎర్తు వైరు పీకుతాడు. ఈ ఒక్క విషయంలో మామ ఏమరడు. సెల్ఫుకొచ్చే లావు వైరులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా ఇటు దానికీ అటు ఇనుముకూ తగిలిందంటే నిప్పులే. 13వ నంబరు పానా కొసన అట్లా కరిగిన గంటు ఒకటుంది. ఎట్లయిందని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్తాడు. అన్ని కథల్లోనూ తప్పు ఇంకొకడిదే.

పై బోల్టు కోసమే కొలిమిలో కాల్చి వంచిన పానా వేరే ఉంది. దాన్ని సందులోకి పంపి, మొగం ఆకాశానికి పెట్టి, కండ్లు మూసుకుంటాడు. తెలియనివాళ్ళు వానకోసం మొక్కుతున్నాడనుకుంటారు. పానా ఇంత కదిలి జారుతుంది, మణికట్టు దోక్కుపోతుంది. అసలు 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ సెల్ఫు పెట్టి మనుషుల చేతులు కాపాడినాడు. అంతకుముందు హ్యాండిలు వేసి తిప్పేవాళ్ళు, ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. సెల్ఫును విప్పే చేతుల గురించి మాత్రం ఆ దొర ఆలోచించినట్టు లేడు.

ఇంక సన్నచేతుల పిల్లోడికి కబురు పోతుంది.

"ఒరే అబ్బోడా, బిన్నా రా. లోపలికి చెయ్యి పెట్టు. తగిలిందా?"

"తగిలింది మామా."

"గట్టిగా తిప్పు!"

"మెత్తగా ఉండాది మామా."

"అది నా వేలు రా!"

ఈ కొలువు శాశ్వతం కాదు. పోయినేడు పనికొచ్చినోడు ఈయేడు హాస్టలు బువ్వ తిని కండ పట్టినాడు, కొలువు ఊడింది.

బోల్టు వదిలేసరికి చెట్టు కింద సగం ఊరు ఉంటుంది. మిగిల్చిన కూలీ అంతా కొక్కంటి క్రాస్ నుంచి తెప్పించిన బోండాలకే సరి. మోటరు ఎట్లాగూ కదిరికి పోవాల్సిందే. అక్కడ కార్బన్లు, బుష్షులు మార్చేది మెకానిక్కే. "ఊడదీసింది నేనే కదా" అంటాడు మామ. తిరిగి బిగించడం గురించి రాయను. మాటలన్నీ పాతవే, కొత్తవి అచ్చుకు పనికిరావు.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది. జనం ఈలలు వేస్తారు.

"ఆపి, మళ్ళా ఒకసారి తిప్పి సూపీ" అంటుంది అత్త.

"బ్యాటరీ చార్జి కానీలే" అంటూ మామ చెవి ఎదురింటి ట్రాక్టరు వైపు తిప్పుతాడు. "ఏమన్నా, మీ దాంట్లో ఏందో గలగలమంటాందే!"

ట్రాక్టరాయన గబుక్కున తాళంచెవి పీకి లుంగీ మడతలో దోపుకుని, చేనికి నడిచే బయల్దేరతాడు.