కోర్టు గోడకు తలంటు

మొత్తానికి లండన్ హైకోర్టు గోడకు తలంటు పోశారు. 2025 సెప్టెంబర్ 8న, గోడల మీద దొంగచాటుగా బొమ్మలు వేసే బ్యాంక్సీ బొమ్మ కనపడిందో లేదో నల్ల ప్లాస్టిక్ కప్పారు, ఇనప కంచెలు పెట్టారు, కాపలా మనుషుల్ని నిలబెట్టారు. రెండు రోజులకు గీకించేశారు. అది వారసత్వ కట్టడమట, అసలు రూపం కాపాడటం తమ బాధ్యతట.

విగ్గూ గౌనూ వేసుకున్న జడ్జి, కింద పడ్డ నిరసనకారుణ్ణి సుత్తితో బాదుతున్న బొమ్మ అది. పడ్డవాడి ప్లకార్డు మీద అక్షరం లేదు, నెత్తుటి మరక తప్ప. నిజానికి ఇంగ్లండు కోర్టుల్లో జడ్జీలు సుత్తి వాడరు. "మా దగ్గర సుత్తే లేదు మహాప్రభో" అని నవ్వేసి ఊరుకున్నా పరువు దక్కేది.

ఊరుకోలేదు, రుద్దించారు. అది స్టెన్సిల్ బొమ్మ. స్టెన్సిల్ అంటే ఏముంది? అట్టలో కోసిన కంత, ఒక స్ప్రే డబ్బా, కొన్ని నిమిషాల పని. పోలీసులకు దొరక్కుండా లారీ కింద దాక్కున్నప్పుడు ఈ పద్ధతి తట్టిందని బ్యాంక్సీయే చెప్పుకున్నాడు. పారిపోయేవాడి కళ అది. దాని మీదికి ఒక సర్కారు శాఖ కదిలింది.

అంతా అయ్యాక మిగిలిందేమిటి? విగ్గు పోయింది, మొహం పోయింది, నెత్తురు పోయింది. రాతి మీద బూడిదరంగు నీడలు మాత్రం ఉండిపోయాయి. మసిపూసి మారేడుకాయ చేయడం విన్నాం. మసి తుడవబోయి దయ్యాన్ని చేయడం ఇదే చూడటం. బొమ్మగా ఉన్నప్పుడు అది వెక్కిరింత. ఇప్పుడు వాంగ్మూలం. సంతకం కోర్టువారిదే.

బ్యాంక్సీ బొమ్మ తుడవటం ఇదే మొదలు కాదు. వలసలను వెక్కిరించేవాళ్లను వెక్కిరిస్తూ 2014లో క్లాక్టన్‌లో పావురాల బొమ్మ వేస్తే, అది జాతివివక్ష అని తుడిచారు. ఆ తెలివికి ఒక దండం.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావట్లేదు. బొమ్మకు రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 6న, ఒక్క లండన్‌లోనే దాదాపు 900 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో అత్యధికులు చేసిందల్లా నిషేధించిన పాలస్తీనా యాక్షన్ అనే సంస్థకు మద్దతని రాసిన అట్టముక్క పట్టుకుని కూర్చోవటం. దానికి ఉగ్రవాద చట్టం! కూర్చున్న ముసలివాళ్లను మోసుకుపోవటానికి సిగ్గుపడని రాజ్యం, ఆ సంగతి గోడ మీదికి ఎక్కగానే కట్టడం అందం చెడిందని బాధపడింది. గోడకున్న రక్షణ మనిషికి లేదు.

కూకట్‌పల్లిలో మా మిత్రుడొకడు సోఫాలో కూర్చుని, "గోడలు పాడు చేస్తే తుడవరా మరి?" అన్నాడు. వాడి నెత్తి మీదే బంగారు ఫ్రేములో బ్యాంక్సీ బెలూన్ పిల్ల! 2002లో లండన్‌లో గోడల మీద పుట్టిన పిల్లేరా ఇది అంటే, "ఇది ఆర్టు" అన్నాడు. వాళ్ల ప్రహరీ మీద "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అన్నదీ స్టెన్సిలే. దాన్ని ఎవరూ లెక్కచేయరు, ఎవరూ తుడవరు.

ఆ పిల్లే 2018లో సదబీస్ వేలంలో 10 లక్షల పౌండ్లు దాటి అమ్ముడై, ఫ్రేములో దాచిన యంత్రం చీల్చగా సగం పేలికలై జారింది. 2021లో ఆ పేలికలే 1 కోటీ 85 లక్షలు పలికాయి. కోర్టులో లేని సుత్తి అక్కడ ఉంది. దాని దెబ్బ పడినప్పుడు చప్పట్లు మోగాయి.