ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు

మా ఇంట్లో స్క్రూడ్రైవర్‌ను నా కంట పడకుండా దాచిపెడతారు. మీ ఇంట్లోనూ దాచే ఉంటారు, నా దగ్గర మొహమాటమెందుకు! రోహిణి కార్తెలో అది నాకు బియ్యం డబ్బాలో దొరికింది. అన్నింటికీ మూలం అదే.

నల్లగొండ ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. అటు లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇటు కాపురాల గుట్ట కాగుతుంటే మధ్యలో మనం వేగుతుంటాం. మా పాత కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికే ఆరిపోవడం మొదలుపెట్టింది. మూత విప్పి చూస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ బుష్ పట్టేసి ఉంది. వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోకి పోతే కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తానే ఆగిపోతుందట. ఎక్కడ ఆగాలో తెలిసినది మా ఇంట్లో అదొక్కటే. నేను ఆగలేదు. బుష్‌లో కొబ్బరినూనె పోశాను. ఇల్లంతా తలంటు వాసన. ఫ్యాన్ మాత్రం కదల్లేదు.

ఆ కంప్యూటర్‌లో మా ఆవిడ పొదుపు సంఘం లెక్కలున్నాయి. "మెకానిక్‌ను పిలుస్తమా?" అంది. ఆ మాట నా పౌరుషానికి తగిలింది. క్లాక్ టవర్ సెంటర్‌కు పోయి కొత్త ఫ్యాన్ తెచ్చాను.

తెచ్చినదాని ప్లగ్గుకు మూడే రంధ్రాలు. బోర్డు మీద చూస్తే నాలుగు పిన్నులు! తప్పు సరుకు అంటగట్టాడని షాపువాణ్ని తిట్టుకుంటుంటే, పవర్ సప్లై నుంచి వేలాడుతున్న పెద్ద తెల్ల ప్లగ్గు కంటబడింది. పాతకాలం హార్డ్ డిస్కులకు పెట్టేది. దాని తీగలు ఎరుపు, పసుపు, రెండు నలుపు. ఫ్యాన్ తీగలు ఎరుపు, పసుపు, నలుపు. దేవుడు ఇంతకంటే వివరంగా ఏం చెబుతాడు? రెండు ప్లగ్గులూ కోసేసి, ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు, నలుపుకు నలుపు మెలేసి టేపు చుట్టాను. ఊరుకోక మా ఆవిడ వైపు తిరిగి, "మ్యాచింగ్ అంటే మీ ఆడోళ్లకే తెలుసనుకున్నవా?" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇప్పుడిలా గోడ దగ్గర మీతో గుసగుసలాడే గతి పట్టేది కాదు.

స్విచ్ వేశాను. ఫ్యాన్ రెక్క ఒక్కసారి వణికి ఊరుకుంది. సన్నగా కాలిన వాసన.

సరిగ్గా అప్పుడే, పాలిటెక్నిక్ చదివే మా అమ్మాయి వచ్చింది. "డాడీ, ఆ పెద్ద ప్లగ్గుల ఎర్ర తీగకు వచ్చేది 5 వోల్టులే. 12 వచ్చేది పసుపు తీగకు. ఫ్యాన్‌కేమో 12 కావాల్సింది ఎర్ర తీగకు."

"మరి దీని పసుపు తీగ?"

"అది కరెంటు తీసుకునేది కాదు. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే రెండు సార్లు బోర్డుకు సైగ చేసి, ఎంత స్పీడున్నదో చెప్తది. నువ్వు దానికే 12 వోల్టులు పెట్టినవ్."

మా ఆవిడది గద్వాల. బీరకాయ చెక్కుతూనే అందుకుంది: "మా ఊర్ల నూలు చీరకు పట్టు అంచు మగ్గం మీదనే కలుపుతరు. ఏ పోగు ఏడికి పోతదో చూసి కలుపుతరు గని, రంగు చూసి కాదయ్యా."

నేను కోసేసిన ప్లగ్గును బిడ్డ చెత్తబుట్టలోంచి ఏరి, తీగలు అతికించి, బోర్డు మీద పెట్టింది. గాడి చూసి నొక్కితే ఆ మూడు రంధ్రాలదే నాలుగు పిన్నుల మీద హాయిగా కూర్చుంది! ఒక పిన్ను బయట మిగిలింది, అంతే. అది వేగం తగ్గించి పెంచేందుకట, లేకున్నా ఫ్యాన్ తిరుగుతుందట. ఆ షాపువాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. బయటికి చెబితే మా ఆవిడ వింటుంది.

ఫ్యాన్ తిరిగింది. కానీ సైగ చేసే దారి కాలిపోయింది కదా, తిరుగుతున్న సంగతి బోర్డుకు తెలియదు. ఆన్ చేసినప్పుడల్లా 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి' అని తెర మీద వస్తుంది. నొక్కితే గానీ ముందుకు కదలదు.

"బయోస్‌ల ఆ సెట్టింగ్ తీసేస్త, మళ్ల అడగది" అంది బిడ్డ.

"వద్దు, ఉండనియ్" అంది తల్లి. "రిటైరైన కాడికెల్లి మీ డాడీకి పొద్దున లేస్తె పనేం లేదు. నేను లెక్కలకు కూసున్నప్పుడు వచ్చి నొక్కిపోతడు."

మొన్న పెళ్లికి సూర్యాపేట పోవాల్సి వచ్చి సెలవు అడిగాను. ఆలోచించి చెబుతానంది.