మంచం కాడ పేరు అడిగే మనిషేడి?

మా రోజుల్లో మహారాష్ట్రల సిరొంచా తాలూకా రేగుంటల ఎవరికన్న రక్తం ఎక్కించాలంటే పైకి చాందా (చంద్రపూర్) పోవాలె, లేదంటే ప్రాణహిత దాటి మంచిర్యాల దిక్కు పోవాలె. పెద్ద పట్నాల దవాఖానాల ముందు రక్తం అమ్ముకునేటోళ్లు కూర్చునేది. వాళ్ల ఒంట్ల ఏ రోగముందో ఎవరికెరుక? హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరైందే 1989ల. 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పిచ్చినంక, 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం బందయింది. ఇప్పుడు ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తున్నరు. ఎన్ని ప్రాణాలు నిలిచినయో! ఆ మాట కాదనను.

నా కోపమల్లా మంచం కాడ జరిగేదాని మీదనే. సంచిని అన్ని తీర్ల పరీక్షించి, అది ఎవరి చేతికి పెడుతున్నరో చూస్తలేరు. వార్డుల ఇద్దరు లక్ష్ములుంటరు. సిస్టరు వచ్చి "లక్ష్మివేనా?" అని మరాఠీల అడుగుతది. జ్వరంతోటి కళ్లు తెరవలేని మా ముసలమ్మకు తెలుగు తప్ప ఏం రాదు. దేనికైనా "హో" (అవును) అని తలూపుతది. అట్ల అడగొద్దు. "నీ పేరేంది, మీ నాయన పేరేంది?" అని తెలుగుల అడిగి, ఆమె నోటితోటి చెప్పించాలె. కేసు కాగితం, సంచి మీది చీటీ, గ్రూపు, నంబరు ఇద్దరు కలిసి సరిచూడాలె. గ్రూపు తప్పితే ఎక్కిన రక్తం నరాలల్లనే పగిలిపోతది, కిడ్నీలు పాడైతయి, మనిషి పోవచ్చు.

మా కాలంల మాకు తెలిసిన డాక్టరొకాయన సీసా కట్టినంక స్టూలేసుకొని పక్కనే కూర్చునేటోడు. చలి, వణుకు, నడుము నొప్పి, ఆయాసం, ఎర్రటి మూత్రం కనిపిస్తే చుక్క ఆపుమనేటోడు. మొదటి పావుగంట అంత ముఖ్యం. ఇప్పుడు సంచి తగిలించి ఇంకో వార్డుకు పోతున్నరు. సిస్టర్లు తక్కువ, మంచాలెక్కువ, నిజమే. అట్లయితే మనుషుల్ని పెంచుండ్రి, పావుగంటను తగ్గించకుండ్రి.

మా దిక్కు సికిల్ సెల్ రోగమున్న పిల్లలున్నరు. కొందరికి మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సొస్తది. అట్ల ఎక్కిన కొద్దీ ఒంట్ల ప్రతిరక్షకాలు పుట్టొచ్చు, గ్రూపు కలిసినా పడకపోవచ్చు. అందుకే ఎప్పుడెక్కించిండ్రు, ఏమైంది అనేది కాగితం మీద రాసియ్యాలె. ఆ కాగితాన్ని ఇంటోళ్లు రేషన్ కార్డు లెక్క దాయాలె. ఫ్రిజ్‌ల నుంచి తీసిన సంచిని అరగంటల మొదలుపెట్టి, నాలుగు గంటలల్ల ముగించాలె. ఏదన్న తేడా వస్తే సంచిని పారేయకుండ తిరిగి రక్తనిధికి పంపాలె. మరాఠీ రాని రోగి ఉన్నప్పుడు వార్డుల తెలుగొచ్చిన మనిషొకరిని ఉంచుండ్రి. సిరొంచా తాలూకల అట్లాంటి మనుషులకు కరువా?