అమ్మా, పోలీసులు రారు

కూపర్టినో, కాలిఫోర్నియా

నాయనకు, అమ్మకు, అవ్వకు,

మేమంతా బాగుండాము. చిన్నోడికి జలుబు తగ్గింది. మీ అల్లుడి ఉద్యోగం ఉండాది. చింతపండు, రాగిపిండి ఈడ దొరకతా ఉండాయి. ఇవన్నీ ముందే రాసేస్తా ఉండాను. అమ్మ వాయిస్ మెసేజీలో అడిగిన ప్రశ్నల్లో చానావాటికి ఇంతకంటే జవాబు లేదు. అసలు ప్రశ్న వేరే.

"మునిసిపాలిటీ మీటింగులో మైకు పట్టుకోని మాట్లాడినావంట. చిన్నమ్మ కొడుకు వీడియో చూపించినాడు. నిన్ను ఎవురు అడిగినారు? పేరు రాసుకున్నారా? పోలీసులొస్తే? వీసా పీకి పంపిస్తే ఏం గతి? గమ్మునుండలేవా?"

అమ్మ గొంతు వింటే నేనేదో అసెంబ్లీ ముందర బస్సు తగలబెట్టినట్టు ఉండాది. ఫోన్లో చెప్దామంటే నాయన ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్యలో దూరి, "అది కాదులే, నే చెప్పేది విను" అంటాడు. ఉత్తరంలో దూరేదానికి సందుండదు. కళ్ళద్దాలు పెట్టుకోని కడదాకా చదువు నాయనా. అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

మొదట పోలీసుల సంగతి. ఈ ఊరికి సొంత పోలీసులే లేరమ్మా. అరవై వేల జనం, యాపిల్ కంపెనీ హెడ్డాఫీసు ఉండే ఊరు, అయినా పోలీసు పనంతా శాంటా క్లారా కౌంటీ షెరిఫ్‌కు కాంట్రాక్టు ఇచ్చేసినారు. మంటలార్పేది కూడా కౌంటీ వాళ్ళే. బళ్ళకు వేరే బోర్డు, దానికి వేరే ఎన్నికలు. ఇంగ కౌన్సిల్‌కు ఏం మిగిలిందంటే రోడ్లు, చెట్లు, పార్కులు, ఎవురు ఎంత ఎత్తు ఇల్లు కట్టుకోవచ్చనే పంచాయితీ, వీటన్నిటి జమాఖర్చు.

కౌన్సిల్‌లో ఐదుగురే. మేయరును జనం ఎన్నుకోరు. ఏటా డిసెంబరులో ఆ ఐదుగురే తమలో ఒకరిని కుర్చీలో కూర్చోబెడతారు, సంవత్సరం కాగానే దింపుతారు. 2016 డిసెంబరులో మన దేశం నుంచి వచ్చిన సవితా వైద్యనాథన్ అట్లనే మేయరయింది. మేయరైనా ఓటు ఒకటే. ఆఫీసు నడిపేది సిటీ మేనేజరు, జీతానికి పెట్టుకున్న మనిషి. బంట్రోతును మార్చాలన్నా మేయరు చేతిలో లేదు.

"మీటింగుకు పోయేదేంటికి, మేయరు ఇంటికాడికి పోయి నాలుగు మాటలు చెప్పుకోనుంటే అయిపోయేది కదా" అన్నావంట నాయనా. నువ్వు నలభై ఏళ్ళు రైల్వేలో చేసినావు, రూలు పుస్తకం విలువ నీకు తెలుసు. అందుకే ఈ ముక్క నీకు వివరంగా రాస్తా ఉండాను. అమ్మకు నిద్రొస్తే పడుకోనీ.

1952లో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పేపర్లో మైకేల్ హారిస్ అనే విలేకరి వరసగా కథనాలు రాసినాడు. ఊళ్ళ కౌన్సిళ్ళు, బోర్డులు తలుపులేసుకోని రహస్యంగా పనులు తేల్చుకుంటా ఉండాయని వాటి సారాంశం. దాని మీద మొడెస్టో ఊరి ఎమ్మెల్యే రాల్ఫ్ బ్రౌన్ బిల్లు పెట్టినాడు. 1953లో చట్టమయింది. ఆయన పేరుతోనే బ్రౌన్ యాక్ట్ అంటారు. కాలిఫోర్నియాలో ఎంత చిన్న ఊరి కౌన్సిలైనా దీనికి లోబడాల్సిందే.

దాని ప్రకారం, ఐదుగురిలో ముగ్గురు కలిసి ఊరి పని గురించి మీటింగు బయట మాట్లాడుకోకూడదు. ఇద్దరైతే ఫర్వాలేదు. ఆ ఇద్దరిలో ఒకరు పోయి మూడో మెంబరు చెవిలో వేస్తే అదీ తప్పే. మధ్యలో గుమాస్తాతో కబురు పంపినా తప్పే. ఈమెయిల్ ఒకరి నుంచి ఒకరికి పాకినా తప్పే. పెండ్లికి ఐదుగురూ పోవచ్చు, ఒకే బంతిలో కూర్చోని తినొచ్చు, పప్పు గురించి మాట్లాడుకోవచ్చు. డ్రైనేజీ మాటెత్తకూడదు. 2021 నుంచి దీనికి ఇంకో తోక తగిలించినారు. ఊరి పని గురించి ఒక మెంబరు ఫేస్‌బుక్‌లో పోస్టు పెడితే ఇంకో మెంబరు దాని కింద బొటనవేలు బొమ్మ కూడా పెట్టకూడదు.

ఈ లెక్కన మన రేణిగుంట స్టేషన్ బయట టీ అంగడిని ఈడికి తెచ్చి పెడితే, మొదటి రోజే సగం ఊరి మీద కేసు పడుతుంది. ఆడ పొద్దన సప్తగిరి రైలొచ్చే టైముకు తేలని పంచాయితీ ఉండాదా?

మీటింగులో ఏమేం మాట్లాడతారో ఆ ఎజెండా 72 గంటల ముందే జనానికి కనబడేటట్టు అంటించాలి. అంటించని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదు, చర్చ కూడా చేయకూడదు. మీటింగుకు వచ్చినోళ్ళను పేరు రాస్తేనే లోపలికి రానిస్తామనకూడదు. రిజిస్టరు పెడితే, ఇష్టముంటేనే రాయండని దాని మీదే రాసుండాలి. కౌన్సిల్ చేసే పనిని విమర్శించినా నోరు మూయించకూడదు. పౌరులే మాట్లాడాలని యాడా లేదు. అమ్మ అడిగిన "పేరు రాసుకున్నారా" అనేదానికి ఇదే జవాబు. ఎవురూ రాసుకోలేదు. నేనే చీటీ మీద రాసిచ్చినాను, ఇంటిపేరుతో సహా. నాయన ఇంటిపేరు కాదులే, భయపడొద్దు, అత్తగారింటిది.

ఇంగ మీటింగు ఎట్లుంటుందంటే, మన వైపు పెండ్లి కూడా ఇంత నిదానంగా జరగదు. ముందు లేచి నిలబడి జెండాకు దండం. తర్వాత ఎవురికో సన్మాన పత్రం, ఫోటో. ఫోటో అయినాక సగం హాలు ఖాళీ, అది మాత్రం అచ్చం మన ఊరే. తర్వాత కన్సెంట్ క్యాలెండర్ అని ఒకటొస్తుంది. గొడవలేని పనులన్నీ ఒక మూటగా కట్టి పెట్టేది. పోయిన మీటింగు మినిట్సు, కట్టిన బిల్లుల లెక్క, ఏదో హోటలుకు మందు లైసెన్సు, కాలిబాట రిపేరు కాంట్రాక్టు. ఒకరు మోషన్ అంటారు, ఒకరు సెకండ్ అంటారు, ఐదు ఓట్లు, మూట మొత్తం పాసు. నువ్వు వక్కపొడి నోట్లో వేసుకునే లోపల లక్షల డాలర్ల పని అయిపోతుంది.

నాకూ మొదట అనుమానమొచ్చింది నాయనా, ఇదేం దోపిడీరా అని. కానీ ఆ మూట మూడు రోజుల ముందునుంచే అందరి ముందరా విప్పి పరిచి ఉంటుంది, ఏ చెక్కు ఎవురికి ఎంత ఇచ్చినారో లైను లైనుగా. మెంబరు ఒక్కరు అడిగితే చాలు, ఆ పనిని మూటలోనుంచి బయటికి లాగి విడిగా చర్చ పెడతారు. ఒక రాత్రి ఒక పెద్దాయన, తెల్ల గడ్డం, చేతిలో ఆ బిల్లుల కాగితం, అందులో చెట్లకు కట్టిన డబ్బు గురించి ఎవురూ నవ్వకుండా మూడు నిమిషాలు మాట్లాడినాడు. ఆయన్ను చూస్తే తాత గుర్తుకొచ్చినాడు. పాలోడి లెక్క గోడ మీద బొగ్గుతో రాసి, నెలాఖరుకు అర్ధ శేరు కాడ నిలదీసేవాడు కదా.

ఈ మోషన్, సెకండ్ పద్ధతుల పుస్తకం రాసింది హెన్రీ రాబర్ట్ అనే మిలిటరీ ఇంజనీరు. 1863లో ఒక చర్చి మీటింగుకు పెద్దగా కూర్చోమంటే కూర్చున్నాడు, సభ ఆయన చేయి దాటిపోయింది. ఆ సిగ్గుతో చదివి చదివి 1876లో రూల్సు అచ్చేసినాడు. సభలో కేకలు పెట్టినోళ్ళ పేర్లు ఎవురికీ తెలీదు, వాళ్ళను అదుపు చేయలేకపోయినాయన పేరు మాత్రం దేశమంతా పారాయణం.

ఎజెండాలో లేనివి చెప్పుకునేదానికి జనానికి మనిషికి మూడు నిమిషాలు. మైకు కాడ దీపాలుంటాయి. పచ్చది వెలిగితే మాట్లాడు, పసుపొస్తే ముగించుకో, ఎర్రదొస్తే ఆపు. నాయనా, నేను గార్డు బిడ్డను. పసుపు పడంగానే బ్రేకు మీద చేయేసినాను, ఎర్ర దీపానికి ముందే బండి ఆపినాను. నా వెనకాల వచ్చినాయన సిగ్నలు దాటుకోని పోయినాడు, రెండుసార్లు థాంక్యూ చెప్పి ఆపినారు.

నేనడిగింది పెద్ద విషయమేమీ కాదు. చిన్నోడి బడి కాడ పిల్లోళ్ళు దారి దాటే చోట మిణుకు దీపం పెట్టమని అడిగినాను. ఐదుగురూ బుద్ధిగా విన్నారు. తర్వాత మేయరు "థాంక్యూ, నెక్స్ట్" అనేసింది. అంతే. వీడియోలో ఈ ముక్క చూసే అమ్మకు కడుపు మండింది. "నా బిడ్డ మాట్లాడితే రాళ్ళ మాదిరి కూర్చున్నారే!" అనింది. కాదమ్మా, వాళ్ళు దాని మీద చర్చ పెట్టకూడదు. దీపం సంగతి ఎజెండాలో లేదు, 72 గంటల ముందు అంటించలేదు. క్లుప్తంగా జవాబు చెప్పడం, వివరం అడగడం, స్టాఫును చూడమని చెప్పడం లాంటివాటి వరకే చట్టం ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవురో వచ్చి రోడ్డుకు అడ్డంగా నల్ల రబ్బరు గొట్టాలు పరిచిపోయినారు. కార్లు ఎక్కిదిగినప్పుడల్లా ఎన్ని పోయినాయో అది లెక్కపెడతుంది. ఇంకా లెక్కపెడతానే ఉండాది.

ఆలస్యం నాకొక్కదానికే అనుకోవద్దు. 2011 జూన్ 7న ఇదే కౌన్సిల్ ముందరికి స్టీవ్ జాబ్స్ వచ్చినాడు, నల్ల చొక్కాతో, చిక్కి శల్యమై. పన్నెండు వేల మంది పనిచేసే గుండ్రటి ఆఫీసు కడతాం, ఒప్పుకోండని అడిగేదానికి. ఈ ఊరికి జాస్తి పన్ను కట్టే కంపెనీ అది. మెంబర్లలో ఒకామె ఊరికి ఫ్రీ వైఫై ఇస్తారా అని అడిగింది. నేను అమాయకుణ్ణి, మేం పన్ను కడతాం, ఆ పనులు ఊరే చేసుకోవాలనుకుంటా అనే అర్థమొచ్చేటట్టు జవాబిచ్చినాడు. బజార్లో బేరమాడేదాంట్లో మనోళ్ళే గట్టి అనుకుంటాం గాని! జనం ముందరికి ఆయన రావడం అదే కడసారి. అక్టోబరు 5న పోయినాడు. ప్లాను మీద పర్యావరణ నివేదికలు, అభ్యంతరాలు అన్నీ నడిచి, కౌన్సిల్ ఒప్పుకున్నది 2013 అక్టోబరులో. నా మిణుకు దీపానికి నేను తొందరపడే హక్కు లేదు.

వీసా సంగతి. అమ్మ భయం ఉత్తది కాదు, నాకూ తెలుసు. 2025 సెప్టెంబరు 19 శుక్రవారం, హెచ్‌-1బి వీసా మీద లక్ష డాలర్ల రుసుము అని అమెరికా సర్కారు అనంగానే మా తెలుగు గ్రూపుల్లో ఆ రాత్రి ఎవురూ నిద్రపోలేదు. విమానమెక్కి కూర్చున్నోళ్ళు దిగేసినారని వార్తలొచ్చినాయి. మర్నాడు, అది కొత్త దరఖాస్తులకే అన్నారు. మీ అల్లుడు ఆ పొద్దు అన్నం ముందర కూర్చోని మెతుకు ముట్టలేదు. అప్పటినుంచి మావాళ్ళు చానామంది ఫోన్లలో పాత పోస్టులు చెరుపుకుంటా ఉండారు. నేనూ కొన్ని చెరిపినాను. ఈడ నాకు ఓటు లేదు. ఎన్నేండ్లు పన్ను కట్టినా లేదు. ఆ పైవాళ్ళ ముందర నిలబడి మాట్లాడే దారి నాకు తెలీదు. కానీ నా బిడ్డ దాటే రోడ్డు గురించి ఈ ఐదుగురి ముందర మూడు నిమిషాలు నిలబడొచ్చునంటే, దాన్ని కూడా భయంతో వదిలేసుకోమంటావా అమ్మా? ఇంటికాడ కరెంటాఫీసులో సంతకం కోసం నాయన చేతులు కట్టుకోని నిలబడింది చిన్నప్పుడు చూసినాను. ఆ చేతులే నాకూ వచ్చినాయి. మైకు పట్టుకుంటే వణికినాయి. వీడియోలో కనబడలేదు కదా?

నాయనా, నీకొక మాట. మన చట్టంలో గ్రామసభ అంటే ఊరి ఓటర్ల లిస్టులో ఉండే ప్రతి మనిషీ మెంబరే. 1994 పంచాయతీరాజ్ చట్టం అది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే పొద్దు సభలు పెట్టినారు కదా, ఆ రోజు నువ్వు యాడున్నావు? "ఎండగా ఉండాది" అని ఇంట్లో పడుకున్నావంట, అవ్వ చెప్పింది. వీధి కాలువ గురించి నాకు వారానికొకసారి ఫోన్లో చెప్తావు. అమెరికాలో ఉండే నేను పూడిక తీస్తానా? ఈసారి పో. నీకు ఎర్ర దీపం కూడా ఉండదు, ఆపేవాళ్ళుండరు. అదొక్కటే ఆ సభకు వచ్చేవాళ్ళకు నేను చేసే అపకారం.

మిగతావి. రేణిగుంటను తిరుపతిలో కలిపేస్తారనే మాట ఏమైందో రాయి. అన్న స్థలం రిజిస్ట్రేషనుకు తొందరపడొద్దని చెప్పు. వదినకు ఫోన్ చేసినాను. గంగమ్మ జాతరకు మా పేరు మీద పొంగలి పెట్టమ్మా.

మీటింగులో తినేదానికేం పెడతారని అవ్వ అడిగిందంట. ఏమీ పెట్టరవ్వా. రాత్రి పదకొండు దాటినా నీళ్ళే. అందుకే హాల్లో మేం నలుగురైదుగురమే మిగులుతాం.

మామ వాళ్ళు వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి పంపండి. పెట్టెకు 23 కిలోలే ఒప్పుకుంటారు. ఆ 23లో వాళ్ళ గుడ్డలు కూడా పట్టాలని అమ్మకు గట్టిగా చెప్పు.

మీ బిడ్డ