క్షవరం లైసెన్సు, మత్తు సూది

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం తెలుగువాళ్లకు అలవాటే. పాంచాలంకురిచ్చి కోటకూ బట్టతలకూ ముడిపెట్టడం మాత్రం కాస్త కొత్త. అయినా తప్పదు. 1798లో రామనాథపురం కలెక్టరు జాక్సన్ దొర, కప్పం బాకీ తేల్చుకుందాం రమ్మని ఆ కోట పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనకు కబురంపాడు. తీరా ఆయన వస్తే ఇక్కడ కాదు అక్కడ, అక్కడ కాదు ఇంకోచోట అంటూ కుర్తాళం, చొక్కంపట్టి, శివగిరి, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా ఇరవై మూడు రోజులు తన వెనక తిప్పుకున్నాడు. సెప్టెంబరు 10న రామనాథపురంలో గానీ దర్శనం దొరకలేదు. ముందు దొర, వెనక పాలెగాడు. ఇప్పుడా ఊరేగింపు వరస మారింది. ముందు అందం దిద్దే క్లినిక్కు నడుస్తుంది, దాని వెనక శవం, శవం వెనక తనిఖీ అధికారి.

ఆ కథను 1959లో సినిమా తీసినప్పుడు, పన్ను అడగొచ్చిన దొరను శివాజీ గణేశన్ పసుపు నూరిన మాటెత్తి నిలదీస్తే తమిళనాడంతా ఈలలు వేసింది. కట్టబొమ్మన వంశపు కంబళత్తు నాయకర్ల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది గానీ, పసుపు నూరే చప్పుడు మాత్రం ఎవరింట్లోనూ లేదు. పసుపు చోటు రంగు తేలడానికి ఎక్కించుకునే గ్లూటాథయోన్ డ్రిప్పు ఆక్రమించింది. సున్నిపిండి చోట లేజర్ వచ్చింది. కుంకుడుకాయ సంగతి సరేసరి, దానితో రుద్దుకోవడానికి ముందు జుట్టుండాలి కదా.

జుట్టు దగ్గరే కథ మొదలైంది. 2016 మే నెలలో చెన్నై నుంగంబాకంలో, మద్రాస్ మెడికల్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. రేపోమాపో తానే డాక్టరు కావలసినవాడు. పని గంటల తరబడి సాగిందనీ, మత్తు ఇచ్చిన డాక్టరు మధ్యలోనే లేచి వెళ్లాడనీ అప్పటి పత్రికలు రాశాయి. అధికారులు కదిలి కాగితాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ కేంద్రానికి ఉన్నది జుట్టు కత్తిరించే సెలూన్ లైసెన్సు. నిజానికి ఆ లైసెన్సును వాళ్లు పూర్తిగా ఉల్లంఘించారని కూడా అనలేం. కత్తిరించమంటే నాటారు, అంతే తేడా. కేంద్రానికి సీలు పడింది. సీలు వేయడంలో మనవాళ్లకు సాటి లేరు.

ఇక చట్టం సంగతి. ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్కులు రిజిస్టరు చేయించుకోవాలని తమిళనాడు 1997లోనే చట్టం చేసింది. చట్టం నడవాలంటే నియమాలు కావాలి. అవి 2018లో వచ్చాయి. అంటే పుట్టిన బిడ్డకు ఇరవై ఒక్కేళ్లు నిండి, మీసాలొచ్చి, ఓటు హక్కు కూడా వచ్చాక బారసాల చేశారన్నమాట. నుంగంబాకం కుర్రాడు పోయింది ఆ మధ్యకాలంలో.

ఇరవై ఏళ్ల ఎదురుచూపు అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. కట్టబొమ్మన కాలంలోనే, టిప్పు సుల్తాను సైనికులు ముక్కు కోసేసిన కవాస్జీ అనే బండివాడికి పుణే దగ్గర ఒక పనివాడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టాడు. ఆ వైనం 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజీన్‌లో అచ్చయింది. జోసెఫ్ కార్పూ అనే ఇంగ్లీషు సర్జన్ ఆ పద్ధతి పట్టుకుని ఇరవై ఏళ్లపాటు శవాల మీద సాధన చేశాడు. 1814లో గానీ బతికున్న మనిషి ముక్కు మీద చెయ్యి వేయలేదు. పాపం, ఆయన కాలానికి యూట్యూబ్ లేదు.

యూట్యూబ్ మాట వెటకారం కాదు. 2022 సెప్టెంబరులో జాతీయ మెడికల్ కమిషన్ జుట్టు నాటే పని మీద మార్గదర్శకాలు ఇస్తూ, వర్క్‌షాపులు చూసినంత మాత్రాన, యూట్యూబ్ వీడియోలు చూసినంత మాత్రాన శిక్షణ అయినట్టు కాదని తేల్చి చెప్పింది. దేశంలో వైద్యవిద్యకు పెద్దదిక్కయిన సంస్థ ఆ వాక్యం రాయాల్సి వచ్చిందంటే, రాయకముందు ఎంతమంది వీడియో ఆపి ఆపి, వెనక్కి జరిపి జరిపి తలలకు రంధ్రాలు చేశారో పాఠకులే ఊహించుకోవాలి. కొరివితో తల గోక్కోవడం పాత సామెత. ఇప్పుడు గోకించుకోవడానికి ఈఎంఐ కూడా ఉంది.

అదే ఏడు మే 16న బెంగళూరులో ఇరవై ఒక్కేళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. అక్కడా తనిఖీ జరిగింది, తర్వాతే. పాలీక్లినిక్కు, డిస్పెన్సరీ నడుపుకోవడానికి మాత్రమే అనుమతి ఉందని తేలింది. నువ్వు నాకు నచ్చావ్‌తో తెలుగువాళ్లకు దగ్గరైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో పోయింది. అప్పటికి లైపోసక్షన్ అయి కొన్ని వారాలు. లైసెన్సు ఉంటే చాలా అంటే, అదీ లేదు. హైదరాబాద్‌లో 2016లో ఒక యువకుడు పొడుగవ్వాలని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలోనే కాళ్ల ఎముకలు కోయించుకున్నాడు. ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆ డాక్టరును మెడికల్ కౌన్సిల్ రెండేళ్లు సస్పెండ్ చేసింది.

చావు తర్వాత తనిఖీ అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ సామెత బాణసంచా చేసే విరుదునగర్ జిల్లాలో చెబితే ఎవరూ నవ్వరు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి నలభై మంది దాకా చనిపోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో ఇరవై మందికి పైగా. ప్రతి పేలుడు తర్వాతా తనిఖీ బృందాలు దిగుతాయి, ప్రతి తనిఖీలోనూ లోపాలు దొరుకుతాయి, అవన్నీ నిన్నటిదాకా కనబడని లోపాలే. ఈ నేలకు ప్లాస్టిక్ సర్జరీ అంటే మొదట గుర్తొచ్చేది సన్నటి నడుము కాదు, కాలిన చెయ్యి. తొడ చర్మం తీసి మెడకు అతికించుకోవడానికి ఇక్కడివాళ్లు మదురై రాజాజీ ఆసుపత్రిదాకా పోతారు. ఆ విద్యలో ఏళ్లతరబడి తర్ఫీదు పొందిన సర్జన్లు అక్కడ జీతానికి పనిచేస్తుంటే, వీడియో చూసి నేర్చిన చెయ్యి వేరేచోట ప్యాకేజీ మాట్లాడుతుంటుంది.

జాక్సన్ కథకు తోక ఒకటుంది. రామనాథపురంలో ఆ దర్శనం గొడవగా ముగిసింది. దాని మీద ఈస్టిండియా కంపెనీ విచారణ వేసి, కట్టబొమ్మన తప్పు లేదని తేల్చి, జాక్సన్‌ను పదవి నుంచి తప్పించింది. మరుసటి ఏడు అదే కంపెనీ కోట కూల్చి, 1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మనను ఉరితీసింది. విచారణ నివేదిక మాత్రం భద్రంగా దస్త్రంలో ఉంది.

కయత్తారు దాటి కోవిల్‌పట్టి వైపు వెళ్తూ, దారిలో ఏ స్కిన్ క్లినిక్కు బోర్డో కంటబడి తల తడుముకునే నాయనలారా, మెట్లెక్కండి, ఎవరూ వద్దనరు. ఎక్కాక గోడ మీద బొమ్మలు చూడకండి, రిజిస్ట్రేషన్ పత్రం ఎక్కడుందో చూడండి. అందులో రాసి ఉన్నది క్షవరమో, డిస్పెన్సరీయో, శస్త్రచికిత్సో చదవండి. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: మత్తు ఇచ్చే డాక్టరు చివరిదాకా గదిలోనే ఉంటారా?